పంటిసూదియు పేరిన నేయియు

అమీర్‌పేట చౌరస్తాకు నాలుగడుగుల దూరమున నున్న యొక దంతవైద్యుని కుర్చీలో, జైలోకెయిన్ సూది దిగిన ఐదు నిమిషములకు నా క్రిందిపెదవి పరుల పెదవివలె బరువెక్కి, మాట తొట్రుపడి, కొఱికినను తెలియని స్థితి కలుగగా, ఈ మందు చేరిన దెచ్చటికి, చేసిన దేమి యని యాలోచించుటకు నాకు కావలసినంత తీరిక దొరకినది.

నరకణమును కప్పియుండు పొర రెండు వరుసల క్రొవ్వణువులతో నేర్పడినది. మందము సుమారు ఐదు నానోమీటర్లు. సింగర్, నికల్సన్ అను శాస్త్రజ్ఞులు 1972లో ప్రతిపాదించిన నమూనా ప్రకారము అది ద్రవస్వభావము గలది. అణువులు తమ వరుసలో ప్రక్కకు జారుచుండును, నడుమ ప్రోటీనులు తేలుచుండును. పుష్యమాసమున గిన్నెలో పేరుకొనిన నేయి వైశాఖమున కరగి తొణకుట నెఱిగిన గృహిణికి ఈ ద్రవత్వమును వేఱుగ బోధింప నక్కఱలేదు: క్రొవ్వుతోకలు తిన్నగా, ఒత్తుగా నమరిన గట్టిపడును, వంకరలై యెడమైన జారును. జైలోకెయిన్ అణువు ఆ తోకల నడుమ దూరి, అమరికను చెదరగొట్టి, పొర పేరుకొను ఉష్ణోగ్రతను తగ్గించును.

ఈ సడలింపే తిమ్మిరికి మూలమని కొందఱు పెద్దలు చిరకాలము నమ్మిరి. ఒడలంతటికి నిచ్చు మత్తుమందులలో నూనెయందు మిక్కిలి కరగునదియే మిక్కిలి తీక్ష్ణమని 1899లో మేయరు, 1901లో ఓవర్టను అను శాస్త్రజ్ఞులు చూపియుండుటచే ఆ నమ్మకమునకు బలము చేకూరెను. ఈ వాదమునకు జ్వరము అడ్డుతగిలెను. ఒంటివేడి ఒకటి రెండు డిగ్రీలు పెరిగినను పొర సడలును గదా. అయినను జ్వరపీడితునకు తిమ్మిరి కలుగదు సరికదా, ఒళ్ళెల్ల నొప్పులని మూలుగును. ఇంత సామాన్యమైన యాక్షేపణ యంత పెద్ద సిద్ధాంతమును కుదిపివైచుట నాకు ముచ్చట గొల్పినది. తిమ్మిరికి అసలు కారణము వేఱు: నొప్పివార్తను మోయు విద్యుత్తు, సోడియమ్ అయానులు లోనికి చొచ్చు ద్వారముల మూలమున సాగును. మందు ఆ ద్వారమును లోపలివైపునుండి బిగించును.

అయినను పొరను బొత్తిగా త్రోసిపుచ్చరాదు. హబ్సీగూడలోని సీసీఎంబీ పరిశోధనాలయమున అమితాభ చటోపాధ్యాయ బృందము మెదడులోని హిప్పోక్యాంపస్ కణముల పొరలపై ఇట్టి మందులను ప్రయోగించి, సోడియమ్ ద్వారముతో నిమిత్తము లేని సెరొటోనిన్ గ్రాహకము పనితీరు సైతము మారుటను గమనించినది.

పైగా మందు కణము లోపలికి పోవు దారియు ఆ క్రొవ్వే. విద్యుదావేశము లేని యణువే దానిని దాటగలదు. మామూలు కణజాలమున నట్టివి నాలుగింట నొకటి. చీముపట్టిన చోట ఆమ్లత హెచ్చి, నూటికి మూడు నాలుగు మాత్రమే మిగులవచ్చును. నా ప్రక్క కుర్చీలోని పెద్దాయనకు రెండవ సూదియు చాలకపోయిన కారణ మదియే యనుకొందును.

1964లో ఎముకల ఆసుపత్రిగా వెలసిన పంజాగుట్ట నిమ్స్‌లో బంధువును పలుకరించి, రెండు గంటల పిమ్మట గేటు వెలుపల చాయ్ గ్లాసు పెదవి కానించితిని. రక్తము మందును కడిగివేయుచుండగా, లోన జేరినది వచ్చిన దారినే మరల క్రొవ్వును దాటి వెలికిపోవుచున్నది కాబోలు, చీమలు ప్రాకినట్లై, చాయ్ ఎంత వేడియో అప్పుడు తెలిసెను.