మీకు తెలుసా? మీటరు తిప్పేది మనసే!

కొత్తగూడెంలో బొగ్గు బాయి, పక్కనే పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీ, ఊరు దాటితే అడవి. బొగ్గు మీదైనా, కరెంటు మీదైనా సర్కారు చేసే చట్టం చివరికి చేరేది మనిషి అలవాటు దగ్గరికే. అక్కడ ఏమవుతుందో చూడండి.

1. అక్కర తీరినా వదలని పెట్టె: కరెంటు కోతల కాలంలో సరఫరా అర్ధరాత్రి వచ్చినా మోటారు దానంతటదే ఆడాలని రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకున్నారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. ఇక ఆ పెట్టెతో పనేముంది? అయినా ‘రేపు కరెంటు పోతే?’ అన్న గుబులు పోలేదు. బోర్లు రాత్రింబవళ్లు తోడితే నీళ్లు అడుగంటుతాయని, ఆ పెట్టెలను తీయించడానికి కరెంటు సిబ్బంది ఊరూరా తిరిగి నచ్చజెప్పాల్సి వచ్చింది.

2. రెండు వందల గీత: 2024లో వచ్చిన గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. ఒక్క యూనిట్ దాటినా మొత్తం కట్టాల్సిందే. 190 దగ్గరున్న ఇల్లు మీటరు వైపు పదేపదే చూస్తుంది. 120 దగ్గరున్న ఇంటికి ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను కనిపించదు.

3. పొదుపు చేస్తే ఖర్చు పెరగొచ్చు: యంత్రాలు తక్కువ బొగ్గుతో నడిస్తే బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుందని ఇంగ్లండు ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే హెచ్చరించాడు. అప్పటికి మన ఇల్లెందు బొగ్గు ఇంకా వెలుగు చూడలేదు. ఎల్ఈడీ బల్బే కదా అని వాకిట్లో తెల్లవార్లూ లైటు వదిలేసేవాళ్లకు జెవన్స్ మాట ఇట్టే అర్థమవుతుంది.

4. బొగ్గులో దసరా: సింగరేణి బొగ్గు గనుల కార్మికులకు ఏటా దసరా వేళకు లాభాల వాటా అందుతుంది. 2024లో అది 33 శాతం. కాంట్రాక్టు కార్మికులకూ తొలిసారి రూ.5,000 చొప్పున ఇచ్చారు. బొగ్గు తగ్గించాలన్న మాట ఢిల్లీలో వాతావరణ విధానం. కొత్తగూడెం బజారులో అది పండగ బట్టల బేరం. ముందు ఈ లెక్క తేల్చకపోతే ఏ విధానమూ ఇక్కడ గడప దాటదు.

5. ముందే పెట్టిన అంకె: 2020 జనవరి నుంచి స్టార్ రేటింగున్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్నది కేంద్రం నిబంధన. తగ్గించుకోవడానికి అడ్డేమీ లేదు. కానీ ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయడం మనిషి నైజం. నిబంధన నమ్ముకున్నది ఆ బద్ధకాన్నే.

6. నవ్వు ముఖం మహిమ: కాలిఫోర్నియాలో కొన్ని ఇళ్లకు ‘మీ వీధి సగటు ఇంత, మీ వాడకం ఇంత’ అని చీటీలు ఇచ్చారు. ఎక్కువ కాల్చేవాళ్లు తగ్గించారు. తక్కువ కాల్చేవాళ్లేమో ‘మనమే పిసినారులమా’ అన్నట్టు పెంచేశారు! వాళ్ల చీటీ మీద చిన్న నవ్వు ముఖం గీస్తే ఆ పెరుగుదల ఆగింది. 2007లో అచ్చయిన పరిశోధన ఇది.

ఈసారి బిల్లు చేతికొచ్చినప్పుడు రూపాయల కన్నా ముందు యూనిట్లు చూడండి. సున్నా బిల్లు మీద కూడా ఆ అంకె ఉంటుంది.