సెలవులలో రణభూముల సందర్శనము

సెలవులు రాగానే మనము పుణ్యక్షేత్రములకో, సముద్రతీరమునకో ప్రయాణము కట్టుదుము. యుద్ధము జరిగిన చోటు చూచి వత్తమను తలంపు కలుగువారు అరుదు. గుడికి పోయినవారికి గోపురము కనిపించును; రణభూమికి పోయినవారికి తరచుగా వరిచేలే కనిపించును. కావున ఇట్టి యాత్రకు బండిని కుదుర్చుకొనుటకు ముందు, చూపి చెప్పగల మనిషిని కుదుర్చుకొనవలెను.

నెల్లూరు తీరమునే తీసికొందము. నగరమునుండి కృష్ణపట్నపు రేవునకు పోవు దారిలో ముత్తుకూరు కలదు. పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుని సేనలకును, తెలుగు సేనలకును 1263వ సంవత్సరమున ఇచట పోరు జరిగెననియు, అందు నెల్లూరు ప్రభువగు మనుమసిద్ధి మరణించెననియు చరిత్రకారులు చెప్పుదురు. తిక్కన తన నిర్వచనోత్తర రామాయణమును అంకితమిచ్చినది ఈ మనుమసిద్ధికే. ఇది తెలియనివారికి ముత్తుకూరు రేవుదారిలోని ఒక ఊరు మాత్రమే. తెలిసినవారికి అది మహాకవి తన ప్రభువును కోల్పోయిన చోటు.

చూపించువారిని మొదట నేలనుగూర్చి అడుగవలెను. నెల్లూరు పెన్నకు దక్షిణపు గట్టున నున్నది. దక్షిణమునుండి తీరము వెంట వచ్చు సేన ఏరు దాటుటకు ముందే ఈ నగరము నెదుర్కొనవలెను. పెన్న గట్టున నిలిచి చూచినచో ఈ సంగతి పిల్లలకు సైతము బోధపడును.

పిమ్మట, చెప్పు ప్రతి మాటకు ఆధారమేదో అడుగవలెను. అది శాసనమా, కావ్యమా, ఊరివారి నోటిమాటా? నెల్లూర వీరాభిషేకము జరిగెనని చాటునది పాండ్యుని శాసనము. తిక్కన ఓరుగల్లునకు పోయి గణపతిదేవుని సాయమర్థించెనని చెప్పునవి తరువాతి కావ్యములు. గెలిచినవాడు తన నష్టమును రాతిపై చెక్కింపడు; కవి తన నాయకుని కొంచెపరుపడు. మంచి మార్గదర్శి ఈ రెంటిని కలిపివేయక, వేరువేరుగా మన ముందుంచును. స్థానిక కళాశాలలోని చరిత్రోపన్యాసకులకు ముందుగా జాబు వ్రాసినచో ఇట్టివారి జాడ తెలియవచ్చును.

రెండవ దినమును ఉదయగిరికి కేటాయింపవచ్చును. అది నెల్లూరికి సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్నది. ఇచట ముత్తుకూరివలె ఊహింపవలసిన పనిలేదు. గజపతుల ఏలుబడిలోనున్న ఈ గిరిదుర్గమును శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో సాధించెను. కొండ ఎక్కి చూచినవారు అంత కాలమేల పట్టెనని మరల అడుగరు. రాయలు ఇచటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు కొనిపోయి, దానికొరకు ఆలయము కట్టించెను. ఆ ఆలయము నేటికిని హంపిలో నున్నది. విగ్రహము చెన్నై ప్రభుత్వ మ్యూజియమున నున్నది. ఉదయగిరి చూచినవారు ఈ రెండు చోట్లకు పోయినపుడు దీనిని తలచుకొనవలెను.

కాలనిర్ణయము ముఖ్యము. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈ తీరమునకు వానల, తుపానుల భయము కలదు. వేసవిలో ఎండ దుర్భరము. సంక్రాంతి సెలవులు మిక్కిలి అనుకూలము. కొండ ఎక్కువారు తెల్లవారుజాముననే బయలుదేరవలెను. త్రాగునీరు వెంట నుంచుకొనవలెను. దుర్గమునందలి రాళ్లపై పేర్లు చెక్కరాదు.

మేము కోరునది మరియొకటి కలదు. రాజుల పేర్లు శాసనములందు నిలిచినవి. వారితో వచ్చి మడిసిన భటుల పేర్లు నిలువలేదు. వారెవరు, ఏ ఊళ్లనుండి వచ్చిరి అని పిల్లలు అడిగినచో విసుగుకొనక, ఆ ప్రశ్నకు కొంత వ్యవధి నిండు.