ముందే కట్టిన లెక్కలు

ఇబ్రహీంపట్నము ప్రాంతమున పసుపు పండించువారికి తూకము, ధర, మొత్తము అను మూడు మాటలు సుపరిచితములు. క్యాల్‌క్యులేటర్లు రాక పూర్వము దుకాణములలో రెడీ రెకనర్ అను పుస్తకము ఉండెడిది. గుణకారము ఎవరో ఒకసారి చేసి అచ్చువేసిరి. వ్యాపారి వరుసపై వేలుంచి మొత్తము చూచుకొనెడివాడు. పాస్‌వర్డుల దొంగలకును అట్టి పుస్తకము కలదు.

మన పాస్‌వర్డును కంప్యూటరు ఉన్నదున్నట్లు దాచరాదు. దానిని హాష్ అను గణితక్రియలో వేసి, ఫలితమును మాత్రమే దాచవలెను. పిండినుండి గింజను తీయలేనట్లే హాష్‌నుండి మూలపదమును వెనుకకు రాబట్టలేము. కాని దొంగ వెనుకకు నడువనక్కరలేదు. తోచిన పదములకెల్ల ముందే హాష్ కట్టుకొని, చేజిక్కినదానిని ఆ పట్టికలో వెదకిన చాలును.

అది సాధ్యమేనా? కీబోర్డుపై గల 95 గుర్తులతో 8 అక్షరముల పదములు సుమారు 66 కోట్ల కోట్లు. ఒక్కొక్క హాష్‌కు 20 బైట్లు చొప్పున 1,30,000 టెరాబైట్లకు పైగా చోటు కావలెను. ఈ చిక్కును తగ్గించు ఉపాయమును 1980లో హెల్‌మన్ చెప్పెను: హాష్‌లను గొలుసులుగా కూర్చి, కొసలను మాత్రమే దాచి, నడుమ భాగమును కావలసినప్పుడు మరల కట్టుకొనుట. 2003లో ఓక్స్‌లిన్ దానిని మెరుగుపరచి, 1.4 గిగాబైట్ల పట్టికతో పాత విండోస్ పాస్‌వర్డులను, అక్షరములును అంకెలును గలవానిని, నూటికి 99.9 వంతున సగటున 13.6 సెకనులలో విప్పెను. వీనినే రెయిన్‌బో పట్టికలందురు.

విరుగుడు అంతకు ముందే ఉన్నది. 1979లోనే మారిస్, థామ్సన్ అనువారు యూనిక్స్‌లో ప్రతి పాస్‌వర్డునకు వేరువేరు ‘ఉప్పు’ కలుపు పద్ధతిని వివరించిరి. ఉప్పు మారినప్పుడెల్ల పట్టికయు మారవలెను. కావున ముందే కట్టిన శ్రమ వృథా. ఇంత సులభమైన పనిని 2012లో లింక్‌డిన్ వంటి పెద్ద సంస్థయే చేయలేదని, లక్షల కొలది హాష్‌లు బయటపడిన పిమ్మట తెలిసినది. మాకిది నేటికిని వింతగనే తోచును.

గల్ఫునందు కొడుకు గల ఇంటిలో అతని మొబైలు నంబరే పాస్‌వర్డగుట అరుదు కాదు. మన దేశపు నంబర్లు పది అంకెలు. మొదటిది 6 మొదలు 9 వరకే. అన్నియు కలిపి 400 కోట్లకు మించవు. వాని హాష్‌ల పట్టిక సుమారు 80 గిగాబైట్లు, జేబులో పట్టు డిస్కు చాలును. అసలు పట్టికయే అనవసరము: నేటి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకు వందల కోట్ల హాష్‌లు కట్టగలదు. కావున ఉప్పు కలిపినను ఆ నంబరు దాగదు. సంబంధము లేని అయిదారు మాటలను చీట్లు తీసినట్లు ఏరి, ఆంగ్లలిపిలో వరుసగా వ్రాసికొనుడు. నంబరును మాత్రము ఫోనునకే ఉంచుడు.