బోజొలే మద్యము: అపోహలు – వాస్తవములు

కొత్త యొక వింత, పాత యొక రోత యని మన పెద్దలు మనుజుల చాపల్యమును గూర్చి చెప్పిన మాట ఫ్రాన్సుదేశపు బోజొలే సీమ విషయమున అక్షరాల నిజమైనది. లియోన్ నగరమునకు ఉత్తరమున, సోన్ నదికి పడమట నున్న కొండవాలులలో, గమే యను నల్లద్రాక్షనుండి పుట్టు ఆ యెఱ్ఱని వైనును గూర్చి లోకము ముఖ్యముగా నెఱిగినది, ఏటేట నవంబరు మూడవ గురువారమున విడుదలయగు ‘బోజొలే నూవో’, అనగా కొత్త మద్యమును మాత్రమే. ఆ యొక్కనాటి కోలాహలము చాటున మఱుగుపడిన సత్యములను కొన్నింటిని విచారింతము.

అపోహ: బోజొలే యనగా నూవోయే.

వాస్తవము: 1951లో అనుమతి పొంది, 1985 నుండి మూడవ గురువారమునకు స్థిరపడిన నూవో ఆ సీమ పంటలో నొక భాగము మాత్రమే. బోజొలే, బోజొలే-విలాజ్ అను రెండు నామములు గాక, ఉత్తరభాగమున గులాబివన్నె గ్రానైటు రాతినేలలు ప్రధానముగా గల సెంతమూర్, జూలియేనా, షేనా, మూలెన్-ఆ-వాన్, ఫ్లూరీ, షిరూబ్ల్, మోర్గాన్, రెన్యే, బ్రూయీ, కోత్ ద బ్రూయీ అను పది చోటులకు ప్రత్యేకమైన అధికార నామములు కలవు. ఈ పదింటి పేరిట నూవో నమ్ముట నిషిద్ధము.

అపోహ: గమే తక్కువరకపు ద్రాక్ష.

వాస్తవము: ఈ నింద చాల పాతది. 1395లో బర్గండీ ప్రభువగు ఫిలిప్, తనకు ప్రీతిపాత్రమగు పినో ద్రాక్షను కాపాడదలచి, విరివిగా కాయు గమేను తన రాజ్యమునుండి పెకలింపవలసినదిగా శాసించెను. కాని నేటి జన్యుపరీక్షలు తేల్చినదేమనగా, గమే ఆ పినోకు పుట్టిన బిడ్డయే. బర్గండీ సున్నపునేలలందు నిందపడిన తీగయే బోజొలే రాతినేలలందు ఘనతకెక్కినది. దోషము విత్తనమున గాక, నాటిన చోటున నుండెను.

అపోహ: బోజొలే మద్యము నిలువయుండదు.

వాస్తవము: ద్రాక్షగుత్తులను చిదుపక తొట్లలో నింపి మూయగా, అడుగున నలిగిన పండ్లరసము పులిసి, అందుండి వెలువడు బొగ్గుపులుసు వాయువు తొట్టినంతయు నాక్రమించి, పైపండ్లు లోలోపలనే పులియనారంభించును. కొలదిదినములకే రసమును వేఱుచేసినచో తొక్కలోని వగరు అంతగా దిగదు, నూవో మార్గమిది. ఎక్కువదినములు నాననిచ్చిన మోర్గాన్, మూలెన్-ఆ-వాన్ మద్యములు పదేండ్లకును చెడక పరిణతి నొందును. మోర్గాన్ అట్లు పండుటకు అచటివారు ఆ ఊరిపేరనే ‘మోర్గొనే’ యను క్రియాపదమును కల్పించుకొనిరి. సంక్రాంతినాడు కొత్తబియ్యముతో పొంగలి వండు ఇల్లాలు గాదెలోని పాతబియ్యమును చులకన చేయదు గదా!

అపోహ: ఎఱ్ఱవైనును గదివేడిమిలోనే, మాంసముతోనే సేవింపవలెను.

వాస్తవము: బోజొలేను 12 మొదలు 15 డిగ్రీలవఱకు చల్లబఱచిననే దాని పండ్లపరిమళము విచ్చుకొనును. లియోన్ భోజనశాలలలో పందిమాంసపు సాసేజులు, కాల్చిన కోడి, మెత్తని సెన్-మార్సెలెన్ జున్ను దీనికి చిరకాల సహచరములు. వగరు స్వల్పమగుటచే సాల్మన్, ట్యూనా వంటి చేపలతోను పొసగును. వగరు హెచ్చిన మద్యము మిరపకారమును మఱింత మండించును గాని, యిది అంతగా రెచ్చగొట్టదు.

ఇక నొక్క సూచన. ఆ పది చోటుల సీసాలమీద తఱచుగా ఊరిపేరే పెద్దయక్షరములతో నుండును గాని బోజొలే యను మాట కానరాదు. కనుకనే ఫ్లూరీని మెచ్చుకొనువారు సైతము తాము త్రాగినది బోజొలేయని యెఱుగక, బోజొలేను తేలికచేసి మాటాడుచుందురు. పండుగనాటి పేరును మాత్రమే కాక, పండించిన నేల పేరును చదువనేర్చిననాడు ఈ యపోహలు వాటంతటవే తొలగును.