ఆ నోటా ఈ నోటా... ఒకే పాట

డెట్రాయిట్‌లో వెస్ట్ గ్రాండ్ బులవార్డ్ మీద 2648 నంబరు ఇల్లు పైకి మామూలు రెండంతస్తుల ఇల్లే. 1959లో కుటుంబం దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని పాటల వ్యాపారంలోకి దిగిన బెర్రీ గోర్డీ, ఆ ఇంటి వెనక భాగాన్ని స్టూడియో చేసి, ముందు ‘హిట్స్‌విల్ యుఎస్ఏ’ అని బోర్డు పెట్టించాడు. అంతకుముందు అతను కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను మీద పనిచేశాడు. పాటను కూడా అదే పద్ధతిలో తయారుచేయొచ్చని నమ్మాడు. రాసేవాళ్లు వేరు, వాయించేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు. అన్నీ అయ్యాక చివర్లో తనిఖీ.

ఆ తనిఖీ శుక్రవారం ఉదయం జరిగేది. తయారైన రికార్డులను వరసగా వినిపించి ఓట్లు వేయించేవారు. జేబులో మిగిలింది ఒక్క డాలరే అయితే దాంతో ఈ రికార్డు కొంటారా, శాండ్‌విచ్ కొనుక్కుని కడుపు నింపుకుంటారా అన్నది అక్కడ అడిగే ప్రశ్న. 1967లో ఒక పాట విషయంలో గోర్డీ తేల్చి చెప్పేశాడు... ఇది సింగిల్‌గా విడుదల చేయదగ్గది కాదని. మార్విన్ గే పాడిన ‘ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్’ అది. ఏడాదిన్నర తర్వాత అదే రికార్డు అమెరికాలో ఏడు వారాల పాటు మొదటి స్థానంలో నిలబడింది. గోర్డీ కంపెనీ మోటౌన్ అప్పటిదాకా అంత పెద్ద హిట్ చూడలేదు.

సోల్ సంగీతం గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా ఈ పాటను ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. సినిమాలో, ప్రకటనలో, ఎవరి ఫోన్ రింగ్‌టోన్‌గానో. నల్లజాతి చర్చిల్లో పాడే గాస్పెల్ గానాన్నీ, నైట్‌క్లబ్బుల్లోని రిథమ్ అండ్ బ్లూస్‌నూ కలిపితే పుట్టిన సంగీతం సోల్. దేవుణ్ని పిలిచే గొంతుతోనే ప్రేమికుణ్నీ పిలవడం దాని ప్రత్యేకత. ఈ పాట కథ కూడా అలాంటి ప్రేమికులదే. తను ప్రేమించిన మనిషి పాత ప్రేమ దగ్గరికి తిరిగి వెళ్లిపోతున్న సంగతి ఆ మనిషి నోటి నుంచి కాక, ఊళ్లోవాళ్ల నోటి నుంచి తెలియడం. వదిలేయడం ఒక దెబ్బ. అందరికీ తెలిశాక చివర్లో తనకు తెలియడం ఇంకో దెబ్బ. పాట బలమంతా ఆ రెండో దెబ్బలోనే ఉంది.

ఈ ఊహ బ్యారెట్ స్ట్రాంగ్‌ది. మోటౌన్‌కు మొట్టమొదటి హిట్ అయిన ‘మనీ’ పాడింది అతనే. ఆ తర్వాత గాయకుడిగా వెనకబడి, షికాగోలో ఉంటున్నప్పుడు జనం మాటల్లో ఆ ‘గ్రేప్‌వైన్’ అన్న నానుడి అతని చెవిన పదేపదే పడింది. పత్రికలూ తంతీ తమకు అందని రోజుల్లో, బానిసలుగా ఉన్న నల్లవాళ్లు ఒక తోట నుంచి ఇంకో తోటకు నోటిమాటగా కబురు చేరవేసుకున్న పద్ధతికి వాడుకలో ఉన్న పేరే ‘గ్రేప్‌వైన్ టెలిగ్రాఫ్’. బుకర్ టి వాషింగ్టన్ తన ఆత్మకథలో దాన్ని ప్రస్తావించాడు. డెట్రాయిట్‌కు తిరిగొచ్చిన స్ట్రాంగ్ ఈ పాట మొలకను మోటౌన్ నిర్మాత నార్మన్ విట్‌ఫీల్డ్ చేతిలో పెట్టాడు. అప్పటికి విట్‌ఫీల్డ్‌కు ఇరవై ఆరేళ్లు. మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఈ పాట చరిత్రలో గాయకుల తర్వాత చెప్పుకోవాల్సిన పేరు అతనిదే.

మోటౌన్‌లో పాట ఒక గాయకుడి సొత్తు కాదు. నిర్మాత తనకు నచ్చిన పాటను ఇవాళ ఒకరితో, ఆర్నెల్లకు మరొకరితో పాడించేవాడు. ఎవరి గొంతులో పండితే వాళ్లది బయటికొచ్చేది. త్యాగరాజ కృతిని పదిమంది పది తీర్లుగా పాడితే వాటిలో అసలుదేదని మనం వెతకం కదా, ఆ స్టూడియోలోనూ అంతే. ‘ఒరిజినల్’, ‘కవర్’ అన్న విభజనలు రికార్డు అమ్మకాల లెక్కల్లోంచి వచ్చినవి. ఈ పాటకు ఆ లెక్క ఎంతకీ కుదరదు. మొదట రికార్డు చేసినవాళ్లు ఒకరు. మొదట విడుదలైనది ఇంకొకరిది. ప్రపంచం ‘అసలు’ అనుకునేది మూడోవాళ్లది.

మొదట పాడింది స్మోకీ రాబిన్సన్, మిరకిల్స్ బృందం. 1966 ఆగస్టులో. గోర్డీ దాన్ని పక్కన పెట్టాడు. రెండేళ్ల తర్వాత అది వాళ్ల ఆల్బమ్‌లో ఒక మూల చోటు చేసుకుంది. స్మోకీ గొంతు తేనె. ఈ పాటకు మాత్రం ఆ తీపి అడ్డమైంది. అతను పాడుతుంటే బాధ తెలుస్తుంది కానీ భయం తెలియదు.

పై శ్రుతిలో పుట్టిన భయం

1967 మొదట్లో విట్‌ఫీల్డ్ ఇదే పాటను మార్విన్ గే దగ్గరికి తీసుకెళ్లాడు. మార్విన్ వాషింగ్టన్‌లో ఒక చర్చి బోధకుడి కొడుకు. మోటౌన్‌లో డ్రమ్స్ వాయిస్తూ మొదలైనవాడు. నాట్ కింగ్ కోల్‌లాగా, సూటు వేసుకుని, నెమ్మదైన పాటలు హాయిగా పాడుకోవాలన్నది అతని కల. విట్‌ఫీల్డ్ చేసిన పని ఆ కలకు పూర్తిగా వ్యతిరేకం. మార్విన్‌కు అలవాటైన శ్రుతి కంటే పైకి ఎత్తి, అందీ అందని చోట నిలబెట్టి పాడమన్నాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. దాదాపు చేయి చేసుకునేదాకా వెళ్లింది. చివరికి మార్విన్ అతను చెప్పినట్టే పాడాడు. పాట పూర్తయ్యేసరికి నెలలు పట్టాయి.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి అర నిమిషం వినండి. ఎలక్ట్రిక్ పియానో మీద మంద్రంలో నాలుగైదు స్వరాలు తిరిగి తిరిగి వస్తాయి. వాయించింది జానీ గ్రిఫిత్. వెంటనే టాంబరీన్ సన్నగా జలజలమంటుంది. డ్రమ్ మీద దెబ్బ గట్టిగా ఉండదు, పక్క గదిలో ఎవరో నడుస్తున్నంత దూరంగా ఉంటుంది. దూరం నుంచి హారన్ ఒకటి, ఆ పైన డెట్రాయిట్ సింఫనీ ఆర్కెస్ట్రావాళ్ల వయొలిన్లు. అప్పటికింకా ఒక్క మాట కూడా పాడలేదు. అయినా ఈ ఇంట్లో ఏదో చెడు జరగబోతోందని వినేవాళ్లకు అర్థమైపోతుంది. అప్పుడు మార్విన్ అందుకుంటాడు. పై స్వరం దగ్గరికి వచ్చినప్పుడల్లా గొంతు పలచబడి, చిరగడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ చిరుగే విట్‌ఫీల్డ్‌కు కావలసింది. గాయకుడి కష్టం, పాటలోని మనిషి కష్టం ఒకటైపోయాయి. వెనక ‘ఆండాంటెస్’ అమ్మాయిలు పాడే వంతపాట ఊరివాళ్ల గుసగుసలా చుట్టుముడుతుంది.

గోర్డీకి ఇది నచ్చలేదు. దీని బదులు మార్విన్‌దే మరో పాటను విడుదల చేయించాడు. ఆ పాట పేరు ఇప్పుడు చెబితే గుర్తుపట్టేవాళ్లు తక్కువ.

గ్లాడిస్ నిలదీసింది

విట్‌ఫీల్డ్ ఊరుకోలేదు. అదే ఏడాది వేసవిలో అరీతా ఫ్రాంక్లిన్ ‘రెస్పెక్ట్’ దేశమంతా మోగుతోంది. అదీ ఓటిస్ రెడింగ్ 1965లో రాసి పాడుకున్న పాటే. మగవాడి అభ్యర్థనను అరీతా ఆడదాని హక్కుగా మార్చేసింది. దాన్ని మించిన వేడి పుట్టించాలన్న పంతంతో విట్‌ఫీల్డ్ ‘గ్రేప్‌వైన్’ను గ్లాడిస్ నైట్ అండ్ ద పిప్స్‌కు ఇచ్చాడు. పిప్స్ అంటే బయటివాళ్లు కాదు, గ్లాడిస్ అన్న, ఇద్దరు కజిన్లు. అట్లాంటా నుంచి వచ్చిన కుటుంబం. మోటౌన్‌లో అప్పటికి కొత్తవాళ్లు. మంచి పాటలు పెద్దవాళ్లకు పోయాక మిగిలినవి తమకొచ్చేవన్న అసంతృప్తి వాళ్లకు ఉండేది. వంతపాటను ఇంట్లో కూర్చుని వాళ్లే ఒక్కో ముక్కా అల్లుకున్నారు.

ఈ రికార్డులో నీడలు లేవు. డ్రమ్స్ పరుగు, చర్చి పియానో, చప్పట్లకు సరిపోయే నడక. గ్లాడిస్ గొంతు మొదటి మాట నుంచే నిలదీస్తుంది. మార్విన్ తనలో తను కుమిలిపోతే, గ్లాడిస్ ఎదురుగా నిలబడి లెక్క అడుగుతుంది. మాటలు అవే. వినేవాళ్లకు కనిపించే మనిషి వేరు. 1967 సెప్టెంబరులో విడుదలై, రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో ఆరు వారాలు మొదటి స్థానంలో, పాప్ జాబితాలో రెండో స్థానంలో నిలిచింది. మామూలుగా అయితే కథ అక్కడితో ముగియాలి. హిట్టయిన పాటను ఏడాది తిరక్కుండా అదే కంపెనీ మళ్లీ అమ్మదు.

విట్‌ఫీల్డ్ మాత్రం మార్విన్ టేపును మరిచిపోలేదు. వెంటపడి వెంటపడి, 1968లో దాన్ని మార్విన్ ఆల్బమ్ ‘ఇన్ ద గ్రూవ్’లో ఒక పాటగా చేర్పించాడు. షికాగోలో నల్లవాళ్ల రేడియో స్టేషన్ డబ్ల్యూవీఓఎన్‌లో ఇ.రాడ్నీ జోన్స్ అనే డీజే దాన్ని వేశాడు. వెంటనే ఫోన్లు మోగాయి. కంపెనీ తల వంచక తప్పలేదు. అక్టోబరు చివర్లో సింగిల్‌గా వచ్చింది, డిసెంబరులో మొదటి స్థానానికి చేరింది, జనవరి చివరిదాకా దిగలేదు. మార్చిలో బ్రిటన్‌లోనూ నంబర్ వన్. ఆల్బమ్ పేరు కూడా మార్చి పాట పేరే పెట్టారు. మధ్యలో అమెరికాకు ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. 1967 జులైలో ఆ స్టూడియో ఉన్న డెట్రాయిట్ నగరమే తగలబడి 43 మంది పోయారు. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపేశారు. నమ్మకం చెదిరిన దేశానికి గ్లాడిస్ ధైర్యం కంటే మార్విన్ అనుమానం దగ్గరగా తోచిందని నా అభిప్రాయం.

ఆ విజయం మార్విన్‌కు ఒంటపట్టలేదు. యుగళగీతాల్లో అతని జోడీ ట్యామీ టెరెల్ 1967 అక్టోబరులో వేదిక మీదే అతని చేతుల్లో కుప్పకూలింది. మెదడులో కణితి. ఆమె ఆపరేషన్ల మధ్య నలుగుతుంటే ఇతని రికార్డు లక్షలాది ఇళ్లలో తిరిగింది. ఈ కీర్తికి తాను అర్హుణ్ని కాననే అనుకున్నాడు. 1970 మార్చిలో ట్యామీ ఇరవై నాలుగేళ్లకే చనిపోయింది. గ్లాడిస్‌కు మరో రకం బాధ. తమ హిట్ చల్లారకముందే అదే పాటను కంపెనీ ఇంకొకరి గొంతుతో అమ్మింది. ఆమె 1973లో మోటౌన్ వదిలేసి, వేరే కంపెనీలో ‘మిడ్‌నైట్ ట్రెయిన్ టు జార్జియా’తో నంబర్ వన్ అయింది.

చేతులు మారుతూ...

ఆ తర్వాత పాట ఎన్ని చేతులు మారిందో! కాలిఫోర్నియా రాక్ బృందం క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ 1970లో దీన్ని పదకొండు నిమిషాలకు సాగదీసింది. పాట అయిపోయాక కూడా గిటార్లు అదే తాళం మీద తిరుగుతూనే ఉంటాయి, విడిచిపెట్టని అనుమానానికి అదొక మంచి రూపం. 1979లో లండన్ అమ్మాయిల పంక్ బృందం స్లిట్స్, బేస్ గిటారు వరసను నోటితో కూనిరాగం తీస్తూ మొదలుపెట్టి పాటను రెగే వైపు తిప్పింది. నా లెక్కలో మోటౌన్ బయట వచ్చినవాటిలో ఇదే గొప్పది. ఎందుకంటే పాటను గౌరవించి ఊరుకోలేదు, విడగొట్టి చూసింది. 1981లో రోజర్ ట్రౌట్‌మన్ దాన్ని ఫంక్ పాటగా మార్చి రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మళ్లీ నంబర్ వన్ చేశాడు. అదే పాట, అదే జాబితా, మూడోసారి.

ప్రకటనలవాళ్లూ వదల్లేదు. 1985లో బ్రిటన్‌లో లీవైస్ జీన్స్ ప్రకటనకు అచ్చం మార్విన్‌లా పాడించి వాడుకున్నారు. దాని పుణ్యమా అని మార్విన్ అసలు రికార్డు అక్కడ మళ్లీ మొదటి పదింట్లోకి వచ్చింది. చూసుకోవడానికి మార్విన్ లేడు. 1984 ఏప్రిల్ 1న, నలభై అయిదో పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, కన్నతండ్రి తుపాకీకి బలైపోయాడు. 1986లో అమెరికాలో ఎండుద్రాక్ష రైతుల ప్రచారం కోసం మట్టిబొమ్మ కిస్‌మిస్‌లతో ఇదే పాటకు డ్యాన్స్ చేయించారు. పిల్లలకు తెగ నచ్చింది. ఇంత నొప్పి ఉన్న పాట కిస్‌మిస్‌లు అమ్మిపెట్టడం నాకు మింగుడు పడదు.

మింగుడు పడని సంగతి ఇంకొకటుంది. ఈ రికార్డుల వెనక వాయించిన ‘ఫంక్ బ్రదర్స్’ పేర్లు ఆ రోజుల్లో అట్టల మీద అచ్చు కాలేదు. మోటౌన్ స్టూడియోలో వాయించి, ఎన్నో నంబర్ వన్ పాటలకు ప్రాణం పోసినవాళ్లు వాళ్లు. బేస్ గిటారు వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ 1983లో చనిపోయేనాటికి అతని పేరు సంగీతకారులకు తప్ప బయట పెద్దగా తెలియదు. 2002లో ‘స్టాండింగ్ ఇన్ ద షాడోస్ ఆఫ్ మోటౌన్’ అనే డాక్యుమెంటరీ వచ్చాకే మిగిలినవాళ్ల ముఖాలు ప్రపంచం చూసింది. అందులో బెన్ హార్పర్ పాడిన ‘గ్రేప్‌వైన్’కు వాయించింది ఆ పాతవాళ్లే. విట్‌ఫీల్డ్ 2008లో, బ్యారెట్ స్ట్రాంగ్ 2023లో కన్నుమూశారు. గ్లాడిస్ ఉంది.

మార్విన్ రికార్డు గొప్పదా, గ్లాడిస్‌దా అని అభిమానులు యాభై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. నా ఓటు మార్విన్‌కే. కానీ ఆ ఓటు వేయడానికి ముందు గ్లాడిస్‌ది విని తీరాలి. ఆమె రికార్డు మార్విన్ నీడలో పడిపోవడం ఆమె తప్పు కాదు. ఈ ఆదివారం ఓ పావుగంట తీరిక చేసుకోండి. స్మోకీ, గ్లాడిస్, మార్విన్... మూడు రికార్డులూ ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. ముందు గ్లాడిస్‌ది పెట్టండి.