అమ్మ మాటలో మొదటి అక్షరం

ఊళ్ళో ఒక చిన్న బడి పెట్టాలనుకునేవారు ముందుగా అడిగే ప్రశ్నలు రెండే. స్థలం ఎక్కడ? సొమ్ము ఎక్కడ? నల్లగొండ, పాలమూరు జిల్లాల కస్బాలలో ఈ రెండు ప్రశ్నలూ మేము చాలాసార్లు విన్నాము. పిల్లకు మొదటి అక్షరం ఏ భాషలో నేర్పుతారన్న మూడో ప్రశ్న మాత్రం అరుదుగానే వినిపిస్తుంది. హైదరాబాదులో ఆరేళ్ళ తేడాతో వెలసిన రెండు బాలికల పాఠశాలల కథ ఆ మూడో ప్రశ్న విలువ తెలుపుతుంది.

మొదటిది 1928లో మాడపాటి హనుమంతరావు పంతులుగారు (1885-1970) నెలకొల్పిన తెలుగు బాలికల పాఠశాల. పంతులుగారు మన ప్రాంతానికి పరాయివారు కారు. ఆయన బాల్యం సూర్యాపేటలో మేనమామల ఇంట గడిచింది. ఉర్దూ, ఫార్సీ భాషలు క్షుణ్ణంగా నేర్చి, 'ముషీరె దక్కన్' అనే ఉర్దూ పత్రికకు వ్యాసాలు రాసిన పండితుడాయన. ఉర్దూ మీద ద్వేషంతో ఆయన తెలుగు బడి పెట్టలేదని దీన్నిబట్టే గ్రహించవచ్చు.

నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య అధికం. సర్కారు భాష మాత్రం ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పెద్ద చదువులను ఒక దేశభాషలో బోధించడం గర్వించదగ్గ విషయమే. కాని తెలుగింటి పిల్లకు ఆ ఉర్దూ పాఠం కొరుకుడు పడేది కాదు. సొంతంగా బడి పెట్టుకుందామన్నా ఖానగీ పాఠశాలలకు సర్కారు అనుమతి కావలసి ఉండేది. మాతృభాషలో ప్రాథమిక విద్య కావాలన్నది ఆనాటి ఆంధ్ర మహాసభల ప్రధాన కోరికలలో ఒకటి. ఆ సభలు 1931లో మన దేవరకొండలో, 1936లో షాద్‌నగర్‌లో జరిగాయి.

నారాయణగూడ బడికి అసలు చిక్కు పిల్లలు పై తరగతులకు వచ్చాక ఎదురయింది. తెలుగులో చదివిన బాలికలకు పరీక్ష పెట్టే సంస్థ రాజ్యంలో లేదు. పంతులుగారు బోధనా భాషను మార్చలేదు. పూనాలో కార్వే పండితుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు పిల్లలను సిద్ధం చేయించారు. భాష నిలిచింది, బడీ నిలిచింది. అది ఉన్నత పాఠశాలగా ఎదిగి ఆయన పేరు ధరించింది.

రెండోది 1934లో సుగ్రా హుమాయూన్ మీర్జా గారు స్థాపించిన సఫ్దరియా బాలికల పాఠశాల. 1884లో జన్మించిన ఈమె ఉర్దూ రచయిత్రి, స్త్రీల పత్రికల సంపాదకురాలు. ఘోషా కట్టుబాట్లు గట్టిగా ఉన్న రోజుల్లో ఆడపిల్లల చదువు కోసం సభలెక్కి మాట్లాడారు. తండ్రి సఫ్దర్ అలీ పేరు బడికి పెట్టారు. మాటలతో సరిపెట్టక సొంత ఆస్తినీ దానికి ధారపోశారు.

ఒకరు తెలుగు పిల్లల కోసం, మరొకరు ఉర్దూ పిల్లల కోసం పాటుపడ్డారు. ఇద్దరూ మొదట ఆడపిల్లలకే బడి పెట్టడంలో గొప్ప వివేకం ఉంది. తల్లికి అక్షరం వస్తే ఇల్లంతా బడి అవుతుంది.

ఇక నేటి సంగతి. మన మొహల్లాలలో పిల్లవాడు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడతాడు. నెలనెలా ఫీజు కట్టే బడిలో మాత్రం అర్థం తెలియకుండా ఇంగ్లీషు వల్లె వేస్తాడు. ఉర్దూ చదవలేని తరం మన కళ్ళముందే పెరుగుతోంది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కోసం తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం చెబుతోంది. 1956లో చేర్చిన ఈ అధికరణం ఆధారంగా ఉర్దూ బడి అడిగే హక్కు మనకుంది. అయితే ఆనాడు తెలుగు బిడ్డకు జరిగిన లోటును నిజాయితీగా అంగీకరించినప్పుడే మన కోరికకు బలం వస్తుంది. మనకు ఉర్దూ ఎంత తీపో, పొరుగువారికి తెలుగు అంత తీపి. తెలుగు రాకుండా ఈ గడ్డమీద మన పిల్లలకు బతుకుతెరువూ లేదు. కనుక మొదటి అక్షరం అమ్మ మాటలో, దాని వెంటే ఊరి భాష, ఆ పైన ఇంగ్లీషు. ఈ వరుస తప్పకూడదని మా అభిప్రాయం.

మనిషి కన్నుమూసిన తర్వాత కూడా పుణ్యం అందుతూనే ఉండే దానాన్ని సదఖయె జారియా అంటాము. అలాంటి దానానికి పెద్ద భవనమే అక్కరలేదు. ఒక గది, ఓపికగల ఒక ఉస్తానీ, చాప మీద పదిమంది ఆడపిల్లలు ఉంటే చాలు. స్థోమత గల పెద్దలు ఆలోచించాలి.