జీలుగు చెట్టు - చిగురు పన్ను

తియ్యని పానీయమునకు కారమే తగిన తోడు. ఫ్రాన్సు దేశమున ఆల్సేసు సీమలో గులాబిపూల తావి గల తెల్లని ద్రాక్షాసవ మొకటి కలదు. దాని పేరు గెవుర్‌స్త్రామినర్. ఘాటైన జున్నును, మసాలా దట్టించిన వంటకములను దాని సరసన నుంచుట రసికుల మర్యాద. తీపి కారపు మంటను చల్లార్చును. ఉప్పు తీపికి వన్నె తెచ్చును. అందలి మర్మ మింతే.

ఈ మర్మము నెరుగుటకు విశాఖ రేవులో ఓడ యెక్కి పోనక్కరలేదు. ఓడలకు వీపు త్రిప్పి, అరకు రైలెక్కి తూర్పు కనుమలకు పోయిన చాలును. అచ్చట జీలుగు చెట్టు కలదు. అది తాటి, ఈత చెట్లకు చుట్టము; ఆకులు చేపతోకలవలె చీలియుండును. పూగెలను కోసి, దాని చివర కుండను గట్టి రసమును పట్టుదురు. వేకువను దింపిన రసము తేనెవలె తియ్యగా, కమ్మని వాసనతో నుండును. ప్రొద్దెక్కిన కొలది పులిసి పాలవలె తెల్లబడును, మత్తును హెచ్చును. కుండలోపల సున్నము పూసినచో పులియుట తగ్గును. అట్టి తియ్యని నీరాను కాచినచో బెల్లమగును.

ఈ కల్లుకు తోడు వెదురుబొంగులో నూనె లేకుండ కాల్చిన కోడి, నిప్పులపై కాల్చిన చేప, మిరపకాయల పచ్చడి. సముద్రతీరమున తాటికల్లుకు ఎండుచేపల వేపుడు, ఉప్పుకారము చల్లిన సెనగ గుగ్గిళ్లు. ఆల్సేసు రసికులు చెప్పు సూత్రమునే మనవారు ఏ గ్రంథమును చదువకయే పాటించిరి.

అయితే కొండవారికి జీలుగు వట్టి విలాసము కాదు. గోదావరి కొండలలోని కొండరెడ్లను గూర్చి హైమెండార్ఫ్ పండితుడు 1945లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఇంట గింజలు నిండుకొనిన మాసములలో వారికి ఈ కల్లే ఆహారము. చెట్టును కూల్చి, లోపలి మెత్తని భాగమును దంచి, ఆ పిండితో అంబలి కాచుకొందురు. మామిడిటెంకల పిండియు అట్టిదే. భోజనమునకు తోడుగా వచ్చిన పానీయము ఆకలినాడు తానే భోజన మగుచున్నది.

ఈ సంగతి తెలియనిదే 1879 నాటి రంప పితూరీ మనకు బోధపడదు. రంప మన్సబుదారు అంతకుముందే చిగురు పన్ను పేర కల్లుగీతపై సొమ్ము గుంజుచుండెను. ఆపై అబ్కారీ కట్టడి కొండలకును వచ్చెను. ఇంటి వాడుకకు చెట్టు గీచుకొనుటయు నేరమయ్యెను. కల్లు రాబడి గుత్తదారుల పాలయ్యెను. ఆ మార్చి మాసమున కొండలు భగ్గుమన్నవి. మంటలు విశాఖ జిల్లా గొలుగొండ కొండల కంటుకొన్నవి. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర వంటి నాయకులు 1880 వరకు మద్రాసు ప్రభుత్వపు దండులను ఎదిరించి నిలిచిరి.

కల్లు కొరకు ఇంత రక్తపాతమా యని బడిలో ఎవడైన బాలుడు నవ్వవచ్చును. వాని నవ్వు వాని తప్పు కాదు. పట్టణమున కల్లనగా దుకాణము, మత్తు, గుల్లయిన కాపురము. ఆ హాని నిజము. దానిని కప్పిపుచ్చ నక్కరలేదు. కాని అన్నము ప్రక్కన నున్నంత కాలము కల్లు అన్నములో భాగము. దానిని కంచము నుండి విడదీసి గుత్తకిచ్చిన నాడు అది సర్కారుకు రాబడియు, పేదకు వ్యసనమును అయ్యెను. కొండవారు పోరాడినది మత్తు కొరకు గాదు, కంచము కొరకు.

జీలుగు పదియేండ్లకు పైగా ఎదిగి గాని పూయదు. మొదటి గెల కొనలో పుట్టును. పిమ్మటివి క్రమముగా క్రిందికి దిగివచ్చును. కడపటి గెలతో చెట్టు చచ్చును. ఉపాధ్యాయులు పితూరీకి కారణములు వరుసగా వ్రాయించునపుడు, చిగురు పన్ను అను మాట వద్ద ఒక్క క్షణ మాగి, నల్లబల్లపై ఈ చెట్టు బొమ్మను గీయుదురు గాక.